కప్పల నమోదు: విన్నది, కన్నది, నిలిచేది

2023 అక్టోబరులో 'నేచర్' పత్రికలో వెలువడిన ప్రపంచ అంచనా 8,011 ఉభయచర జాతులను పరిశీలించి, వాటిలో దాదాపు 41 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయని తేల్చింది. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంత ప్రమాదంలో ఉన్న వర్గం మరొకటి లేదు. తొమ్మిది వందలకు పైగా జాతుల విషయంలో మాత్రం ఏదీ తేల్చడానికి సమాచారం చాలదని ఆ అంచనాయే రాసింది. ముప్పు ఎంతో చెప్పాలన్నా, తెలియనిది ఎంతో చెప్పాలన్నా ఆధారం ఒక్కటే. ఎవరో ఒకరు చెరువు గట్టున, పొలం గట్టున, కొండవాగు పక్కన నిలబడి కప్పలను చూసి, విని, రాసిపెట్టాలి.

ఆ రాసిపెట్టడం ఎలా ఉండాలన్న దానిపై మూడు దశాబ్దాలకు పైగా వాదాలు నడుస్తున్నాయి. జీవిని పట్టి మ్యూజియంలో భద్రపరిస్తేనే అది నమోదు అవుతుందని కొందరంటారు. స్పష్టమైన ఫొటో చాలదా అని మరికొందరు అడుగుతారు. చెవితో వినడమే మేలైన పద్ధతి అనేవాళ్లు, నీటిలోని డీఎన్ఏను పరీక్షిస్తే చాలనేవాళ్లు తరవాత వచ్చి చేరారు. దొరికిన చోటు వెల్లడించాలా దాచాలా, కప్పను చేత్తో పట్టుకోవచ్చా, 'కనబడలేదు' అన్న మాటకు విలువ ఉందా అన్న ప్రశ్నలు వీటికి తోడై చర్చ చిక్కుబడింది. ఈ వాదాల చరిత్రను, ఒక్కో పక్షం బలాబలాలను, తెలుగు నేలకు అవి ఎంతవరకు వర్తిస్తాయన్నదాన్ని, ఇంకా తేలని అంశాలను వరసగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

## జాబితాల కాలం

దక్షిణ భారత కప్పల శాస్త్రీయ నమోదు జాతుల జాబితాలతో మొదలైంది. మన వాకిళ్లలో తిరిగే మామూలు గోదురుకప్పకు, చెరువు నీటి మీద ఎగురుకుంటూ పోయే కప్పకు, ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలో దాక్కునే బెలూన్ కప్పకు 1799లో జర్మన్ శాస్త్రవేత్త ష్నైడర్ పేర్లు పెట్టాడు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ 1853లో ద్వీపకల్ప భారత సరీసృపాల, ఉభయచరాల జాబితా ప్రచురించాడు. ఇప్పటికీ ఆయన పేరుతో పిలిచే 'జెర్డన్ బావురుకప్ప' అందులోదే. 1890లో బౌలెంజర్ 'ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా' శ్రేణిలో అప్పటికి తెలిసిన జాతులన్నిటినీ ఒకచోటికి తెచ్చాడు. 1916లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడ్డాక ఈ పనికి ఒక ప్రభుత్వ సంస్థ అండ దొరికింది.

ఈ కాలపు నమోదుదారుల ముందున్న ప్రశ్న 'ఏ జాతులున్నాయి' అన్నదే. ఎన్ని ఉన్నాయి, పెరుగుతున్నాయా తరుగుతున్నాయా అని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు కూడా. అందువల్ల ఆనాటి రాతల్లో చోటు పేరు చాలాసార్లు 'కర్నాటిక్', 'మలబార్' అన్నంత విశాలంగా ఉంటుంది. 1876లో గుంథర్ వర్ణించిన ఒక గోదురుకప్ప జాతికి 'మలబార్' అని చోటు రాశారు. తరవాత ఆ జాతి ఆనవాళ్లు ఎక్కువగా దొరికింది దక్కను రాతిగుట్టల్లో, తూర్పు కనుమల్లో. చోటు ఒక్క మాటలో రాసి వదిలేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

ఇంకో పాఠం బెంగళూరు నుంచి వచ్చింది. సెంట్రల్ కాలేజీ ప్రాణిశాస్త్రవేత్త సి.ఆర్. నారాయణరావు 1937లో దక్షిణ భారతం నుంచి పలు కొత్త కప్పలను వర్ణించారు. ఆయన ఏ కప్పలను చూసి ఆ వర్ణనలు రాశారో ఆ నమూనాలు తరవాతి కాలంలో పోయాయి. పేర్లు పుస్తకాల్లో మిగిలాయి గాని, ఏ పేరు ఏ జీవిదో సరిచూసుకునే దారి మూసుకుపోయింది. ఆ ముడులు విప్పడానికి తరవాతి తరాలు దశాబ్దాలు వెచ్చించాల్సి వచ్చింది. వర్ణన ఎంత మంచిదైనా, మళ్లీ తెరిచి చూడగల ఆధారం లేకపోతే అది సగం నమోదే.

## 1989 తరవాత మారిన ప్రశ్న

1989లో ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో తొలి ప్రపంచ హెర్పెటాలజీ మహాసభ జరిగింది. వేర్వేరు ఖండాల నుంచి వచ్చిన పరిశోధకులు తమ తమ ప్రాంతాల్లో కప్పలు తగ్గిపోతున్నాయని అక్కడ ఒకరికొకరు చెప్పుకున్నారు. కోస్టారికాలోని మాంటెవెర్డే అడవిలో 1987లో వందల సంఖ్యలో కనిపించిన బంగారు గోదురుకప్ప 1989 తరవాత మరి కనిపించలేదు. ఇది అక్కడక్కడా జరుగుతున్న విషయమా, ప్రపంచమంతటా జరుగుతున్నదా అన్న ప్రశ్న ఆ సభతో పైకి వచ్చింది.

రెండేళ్లకే ఈ క్షీణత మాటకు గట్టి సవాలు ఎదురైంది. అమెరికాలో దక్షిణ కరొలినాలోని రెయిన్‌బో బే అనే నీటిమడుగు చుట్టూ కంచె వేసి, 1979 నుంచి లోపలికి వచ్చే, బయటికి పోయే ప్రతి ఉభయచరాన్నీ లెక్కించిన బృందం 1991లో 'సైన్స్' పత్రికలో తన ఫలితాలు ప్రకటించింది. వాన తీరును బట్టి, మడుగు ఎన్నాళ్లు నిండి ఉందన్నదాన్ని బట్టి సంఖ్యలు ఒక ఏడాదికి మరో ఏడాదికి పోలిక లేనంతగా పెరిగాయి, పడిపోయాయి. రెండు మూడేళ్ల లెక్క చూసి 'తగ్గిపోయాయి' అనడం తొందరపాటని ఆ బృందం వాదించింది.

ఆ హెచ్చరిక సరైనదే. అలాగని క్షీణత అబద్ధం కాలేదు. 1990ల చివర ఉభయచరాలకు జబ్బు తెచ్చే కైట్రిడ్ శిలీంధ్రాన్ని గుర్తించారు. కనీసం 501 జాతులు ఆ జబ్బు వల్ల క్షీణించాయని, వాటిలో 90 అంతరించినట్టు భావించవచ్చని 2019లో ఒక అంతర్జాతీయ బృందం లెక్కగట్టింది. ఈ ముప్ఫై ఏళ్లలో నమోదుకు రెండు వేర్వేరు పనులు ఏర్పడ్డాయి. ఒకటి జాబితా: ఏ జాతి ఎక్కడుంది. రెండోది నిఘా: అదే చోట ఏడాది తరవాత ఏడాది ఏమవుతోంది. ఈనాటి వాదాల్లో సగం ఈ రెండు పనులనూ ఒకటిగా భావించడం వల్ల పుట్టినవే.

## తెలుగు నేల మీద

భారతదేశంలో 450కి పైగా ఉభయచర జాతులు నమోదయ్యాయి. వాటిపై జరిగిన పనిలో సింహభాగం పశ్చిమ కనుమలది. 2003లో వెలుగులోకి వచ్చిన ఊదారంగు కప్ప, 2014లో ఒకే వ్యాసంలో వర్ణించిన 14 నాట్యకప్పలు, ఉభయచరాల పరిశోధకుడు ఎస్.డి. బిజు 2010లో మొదలుపెట్టిన 'తప్పిపోయిన ఉభయచరాల' వెతుకులాట అన్నీ ప్రధానంగా అటువైపు చూపు తిప్పినవే.

తూర్పు కనుమలు వెనకబడ్డాయి. అక్కడ వెతికినప్పుడల్లా ఏదో ఒకటి దొరకడమే ఇందుకు రుజువు. నల్లమల కొండల సరీసృపాలు, ఉభయచరాలపై 2005లో వచ్చిన ఒక అధ్యయనం ఆ ప్రాంతానికి 11 కొత్త నమోదులు చేర్చింది. అందులో 10 అప్పటి ఉమ్మడి రాష్ట్రానికే కొత్తవి. కాళ్లు లేకుండా వానపాములా మట్టిలో బతికే సిసీలియన్లలో 'గెగెనియోఫిస్ ఓరియంటాలిస్' అనే కొత్త జాతిని తూర్పు కనుమల ఎత్తైన ప్రాంతాల నుంచి 2013లో వర్ణించారు. శ్రీలంక జాతులుగా పేరుపడిన కప్పలను చిత్తూరు జిల్లాలో, శేషాచలం కొండల్లో గుర్తించినట్టు జువలాజికల్ సర్వే పరిశోధకులు 2024లో ప్రకటించారు. సంస్థలకు కొదవ లేదు. జువలాజికల్ సర్వే ప్రాంతీయ కేంద్రం, ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల మూడూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. కొరత క్షేత్రంలో ఉంది. వానాకాలపు రాత్రుల్లో జిల్లాల్లో తిరిగి రాసిపెట్టేవాళ్లు తక్కువ.

న్యూట్ల విషయం వేరు. తోక ఉన్న ఈ ఉభయచరాలు తెలుగు ప్రాంతంలో లేవు. మన దేశంలో అవి తూర్పు హిమాలయాలకు, ఈశాన్యానికి పరిమితం. డార్జిలింగ్ దగ్గరి జోర్‌పోఖ్రీ అభయారణ్యం వాటికి పేరుపొందిన చోటు. ఆ ప్రాంతపు న్యూట్‌ను చాలాకాలం ఒక పాత జాతి కిందే లెక్కించారు. 2015లో నేపాల్ జీవుల ఆధారంగా దాన్ని వేరే జాతిగా గుర్తించారు. తెలుగు నేలలో కప్పలు, గోదురుకప్పలతో పాటు మూడో వర్గంగా వెతకాల్సింది సిసీలియన్లను. చూసినవాళ్లు వాటిని వానపాము అనో పాముపిల్ల అనో అనుకుని వదిలేస్తారు కాబట్టి, నమోదులో అన్నిటికంటే వెనకబడినవి అవే.

కాలం విషయంలో కూడా ఇక్కడి లెక్క వేరు. తెలంగాణ, ఉత్తరాంధ్ర మైదానాల్లో నైరుతి తొలకరితో బావురుకప్పలు ఒక్కసారిగా బయటికి వస్తాయి. మగవి పసుపు రంగుకు మారి, నీలి గొంతుసంచులు ఉబ్బించి అరుస్తాయి. ఆ సందడి కొద్ది రాత్రులే ఉంటుంది. బెలూన్ కప్పల జాతర ఇంకా చిన్నది. నెల్లూరు తీరానికి అసలు వాన అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. పాడేరు, అరకు వైపు ఏడాది పొడవునా పారే వాగుల్లో బతికే కప్పల క్రమం మరోలా ఉంటుంది. ఐరోపా నుంచి అరువు తెచ్చుకున్న వసంతకాలపు సర్వే పట్టికలు గాని, రాష్ట్రమంతటికీ ఒకే నెల నిర్ణయించే పట్టికలు గాని ఇక్కడ పనికిరావు. తేదీకి ముందు వాన రాయాలి: చివరి మంచి వాన పడి ఎన్ని రోజులైంది, ఎంత పడింది, చెరువులోకి కొత్త నీరు చేరిందా.

## నాలుగు పక్షాలు

నమూనా పక్షం. జీవిని పట్టి, భద్రపరిచి, సంఖ్య వేసి మ్యూజియంలో ఉంచితేనే నమోదు నిలుస్తుందని వీరి వాదం. నారాయణరావు నమూనాల కథే దీనికి బలమైన మద్దతు. మరో ఉదాహరణ మన వరి పొలాల్లోనే ఉంది. దక్షిణాసియా పాత జాబితాల్లో పొలాల చిన్న కప్పలన్నిటికీ జావా నుంచి వర్ణించిన ఒకే జాతి పేరు వాడేవారు. డీఎన్ఏ, కూతల పరిశీలన తరవాత అవి పలు జాతులని తేలింది. నమూనా ఉన్న చోట పాత నమోదును సరిదిద్దగలిగారు. పేరు మాత్రమే రాసిన చోట ఆ నమోదు ఇప్పుడు దేని గురించో చెప్పలేం.

అభ్యంతరాలూ చిన్నవి కావు. జీవులు కొద్దిగా మిగిలిన చోట నమూనా సేకరణ హాని చేయవచ్చని 2014లో 'సైన్స్' పత్రికలో కొందరు శాస్త్రవేత్తలు, తత్వవేత్తలు హెచ్చరించారు. ఫొటోలు, కూతలు, చర్మం నుంచి తుడిచి తీసిన డీఎన్ఏ చాలని సూచించారు. వందమందికి పైగా పరిశోధకులు అదే పత్రికలో బదులిస్తూ, సేకరణ వల్ల జాతులు అంతరించాయనడానికి ఆధారం లేదని, నమూనాలే రేపటి ప్రశ్నలకు జవాబిస్తాయని అన్నారు. మన దేశంలో వన్యప్రాణి చట్టం, రక్షిత అడవుల నిబంధనల ప్రకారం అనుమతి లేని సేకరణ నేరమయ్యే అవకాశం ఉంది కాబట్టి, మామూలు పరిశీలకుల వరకు ఈ వాదం ముందే తీరిపోయింది. అది శిక్షణ, అనుమతి ఉన్నవారి పని.

ఫొటో పక్షం. 2008లో మొదలైన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, ఐనేచురలిస్ట్ వంటి వేదికలు ఎవరైనా ఫొటో, చోటు, తేదీ పెట్టే వీలు కల్పించాయి. నిపుణులు, అనుభవజ్ఞులు పేరు సరిచూస్తారు. కె.వి. గురురాజా 2012లో తెచ్చిన పశ్చిమ కనుమల కప్పల చిత్ర మార్గదర్శి వంటి పుస్తకాలు సామాన్యులకు దారి చూపాయి. ఈ పక్షం బలం విస్తృతి. ఒక పరిశోధక బృందం ఏడాదిలో తిరగలేనన్ని ఊళ్ల నుంచి ఒక్క వానాకాలంలో సమాచారం వస్తుంది.

లోపం ఆ విస్తృతిలోనే దాగి ఉంది. జనం ఉన్న చోట, రోడ్డు ఉన్న చోట నమోదులు కుప్పపడతాయి. గోదురుకప్ప, చెట్టుకప్ప ఫొటోలు వందలు వస్తాయి. పొలం కప్పల వంటి పోలికలు దగ్గరగా ఉన్న జాతుల్లో ఒక్క పైచూపు ఫొటోతో పేరు తేలదు. నమోదులు పెరిగితే కప్పలు పెరిగాయా, ఫోన్లు పెరిగాయా అన్నది ఆ సంఖ్యలు చెప్పలేవు.

కూత పక్షం. మగ కప్ప కూత జాతిని బట్టి మారుతుంది. చీకట్లో, గడ్డిలో కనబడని కప్ప కూడా వినబడుతుంది. ఓ అంగుళం పొడవు కూడా లేని చిరుకప్ప గొంతు గట్టు అవతలికి చేరుతుంది. ఉత్తర అమెరికాలో 2015 వరకు నడిచిన ఉభయచరాల నిఘా కార్యక్రమంలో స్వచ్ఛంద సేవకులు నిర్ణీత రహదారి మీద పది చోట్ల ఆగి, ఒక్కోచోట అయిదు నిమిషాలు విని, కూతల జోరుకు ఒకటి నుంచి మూడు వరకు అంకె వేసేవారు. ఆస్ట్రేలియన్ మ్యూజియం 2017 నవంబరులో మొదలుపెట్టిన 'ఫ్రాగ్‌ఐడీ' యాప్‌లో జనం కూతను రికార్డు చేసి పంపుతారు. మ్యూజియం నిపుణులు విని పేరు నిర్ధారిస్తారు. అక్కడ పది లక్షలకు పైగా నమోదులు చేరాయి. వాటిలో ప్రతిదాన్నీ రేపు మళ్లీ విని సరిచూడవచ్చు. 'ఆడియోమాత్' వంటి చవక పరికరాలను చెట్టుకు కట్టి వదిలేస్తే అవే రాత్రంతా రికార్డు చేస్తాయి.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. ఆడ కప్పలు, పిల్ల కప్పలు, తోకకప్పలు లెక్కలోకి రావు. సిసీలియన్లు కూయవు. బావురుకప్పల హోరులో చిన్న గొంతులు మునిగిపోతాయి. తెలుగు ప్రాంతపు జాతులన్నిటికీ సరిచూసిన కూతల సంచయం ఒకచోట అందుబాటులో లేకపోవడం ఇక్కడి పెద్ద అడ్డంకి.

డీఎన్ఏ పక్షం. నీటిలో జీవులు వదిలిన చర్మపు పొరలు, విసర్జితాల నుంచి డీఎన్ఏ గుర్తించే పద్ధతిని 2008లో ఫ్రాన్స్ పరిశోధకులు అమెరికా బుల్‌ఫ్రాగ్ మీద విజయవంతంగా చూపారు. ఇంగ్లండ్‌లో చట్టరక్షణ ఉన్న పెద్ద శిఖ న్యూట్ ఒక కుంటలో ఉందో లేదో తేల్చడానికి ఈ పరీక్షను 2014 నుంచి అధికారికంగా అంగీకరిస్తున్నారు. రాత్రి టార్చీతో వెతికే పనిని నీటి సీసా తగ్గించింది. అయితే అక్కడ వెతికేది ఒక్క జాతిని, అదీ డీఎన్ఏ వివరాలు పూర్తిగా తెలిసిన జాతిని. మన కుంటల్లో ఒకేసారి ఎన్నో జాతులు, వాటిలో కొన్నిటికి పోల్చుకునే డీఎన్ఏ సమాచారమే లేదు. ఎండ తీవ్రత, వేడి నీరు డీఎన్ఏను త్వరగా చెడగొడతాయి. ఎన్ని కప్పలున్నాయో, అవి గుడ్లు పెట్టాయో లేదో ఈ పరీక్ష చెప్పదు.

## పోలిక క్లుప్తంగా

- నమూనా: 'ఇది ఏ జాతి' అన్న ప్రశ్నకు తిరుగులేని జవాబు. అనుమతి, శిక్షణ తప్పనిసరి. అరుదుగా, అవసరమైన చోట మాత్రమే వాడదగినది.
- ఫొటో: 'ఎక్కడెక్కడ ఉంది' అన్నదానికి విస్తృత జవాబు. తేలిగ్గా గుర్తుపట్టే జాతులకు చాలు. ఎంతసేపు వెతికారో రాయకపోతే మార్పును కొలవలేదు.
- కూత: 'అదే చోట ఏడాదికేడాది ఏమవుతోంది' అన్నదానికి తక్కువ ఖర్చుతో మంచి జవాబు. కూసే మగవాటికే పరిమితం.
- నీటి డీఎన్ఏ: 'ఈ కుంటలో ఫలానా జాతి ఉందా' అన్న ప్రశ్నకు బలమైన జవాబు. ప్రయోగశాల, పోలికకు ముందస్తు సమాచారం కావాలి.

ఒక పద్ధతి మరోదాన్ని తొలగించదని ఈ పోలిక చూస్తే తెలుస్తుంది. ప్రశ్న మారితే పద్ధతి మారుతుంది.

## కనబడలేదు అంటే లేదా?

ఈ వాదాలన్నిటి అడుగున ఒక లెక్కల సమస్య ఉంది. ఒక రాత్రి చెరువుకు వెళ్లి వినబడనంత మాత్రాన ఆ కప్ప అక్కడ లేనట్టు కాదు. ఈ సమస్యను పరిష్కరించిన ప్రసిద్ధ గణిత నమూనా కప్పల లెక్కల మీదే నిరూపితమైంది. 2002లో డారిల్ మెకెంజీ, ఆయన సహచరులు అమెరికాలోని మేరీలాండ్‌లో 32 నీటిమడుగుల దగ్గర పలుమార్లు విన్న ఫలితాలను తీసుకున్నారు. ఒకే చోటికి పదేపదే వెళ్లినప్పుడు ఎన్నిసార్లు వినబడింది, ఎన్నిసార్లు వినబడలేదు అన్నదాన్ని బట్టి, ఉండి కూడా వినబడని మడుగుల వాటాను అంచనా కట్టారు. అమెరికా గోదురుకప్ప నిజంగా ఉన్న మడుగుల అంచనా, అది వినబడిన మడుగుల వాటా కంటే 44 శాతం ఎక్కువ వచ్చింది.

దీని నుంచి స్థానిక నమోదుదారు నేర్చుకోవాల్సిందేమిటంటే, ఖాళీ రాత్రిని కూడా రాయాలి. 'ఈ చెరువు, ఈ తేదీ, ఇన్ని నిమిషాలు విన్నాం, ఫలానా కప్ప వినబడలేదు' అన్న వాక్యం ఒక అందమైన ఫొటో కంటే నిఘాకు ఎక్కువ ఉపయోగం. చాలా వేదికల్లో ఆ వాక్యానికి చోటే లేదు. అరుదైనది దొరికితే రాసే అలవాటు మనుషులకు సహజం. ఏమీ దొరకనిది రాయడం అలవాటుగా నేర్చుకోవాలి.

ఈ లోటుకు మన దేశంలో పెద్ద ఉదాహరణ కప్పకాళ్ల ఎగుమతి. పొలాల నుంచి బావురుకప్పలను భారీగా పట్టి విదేశాలకు పంపేవారు. 1985లో రెండు జాతులు అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలోకి వచ్చాయి. 1987లో భారత్ ఎగుమతిని నిషేధించింది. ఆ నిర్ణయం సరైనదే. ఆ తరవాత పొలాల్లో బావురుకప్పలు ఎంత కోలుకున్నాయో, పురుగుమందులు, బోరుబావుల సేద్యం ఆ కోలుకోవడాన్ని ఎంత మింగాయో చెప్పాలంటే ఊరూరా ఏళ్ల తరబడి సాగిన లెక్కలు కావాలి. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ వంటి చెరువుల పూడికతీత కార్యక్రమాలకూ ఇదే వర్తిస్తుంది. పనికి ముందు, తరవాత ఒకే తీరుగా విన్న లెక్కలు ఉన్న చెరువు గురించే పూడికతీత కప్పలకు మేలు చేసిందో కీడు చేసిందో చెప్పగలం.

## చోటు చెప్పాలా, చేత్తో పట్టాలా?

అరుదైన జీవి చోటు ప్రచురిస్తే వేటగాళ్లకు దారి చూపినట్టేనని, ప్రచురించవద్దని 2017లో లిండెన్‌మేయర్, షీలే 'సైన్స్' పత్రికలో రాశారు. దాచితే రక్షణ ప్రణాళికలకు ఆధారం పోతుందని, జాగ్రత్తలతో వెల్లడించాలని మరికొందరు బదులిచ్చారు. తెలుగు నేలకు ఈ వాదం కొత్త కాదు. గుత్తి పేరుతో 1899లో వర్ణితమై, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికిన నీలిరంగు సాలీడు విదేశీ పెంపుడు జంతువుల సంతల్లో విరివిగా అమ్ముడవుతోంది. అంత ఇరుకు ఆవాసమున్న కప్ప రేపు శేషాచలంలోనో నల్లమలలోనో దొరికితే, ఖచ్చితమైన చోటును నమోదులో ఉంచి, బహిరంగ పటంలో మాత్రం మండలం స్థాయికి మసకబార్చడం రెండు పక్షాలకూ ఒప్పుదలైన మార్గం. గోదురుకప్పకు, బావురుకప్పకు ఆ దాపరికం అక్కర్లేదు.

చేత్తో పట్టే విషయంలో పక్షాలు దాదాపు ఏకమయ్యాయి. కప్ప చర్మంతోనూ శ్వాసిస్తుంది. చేతికున్న లేపనాలు, దోమల మందు దానికి హాని. కైట్రిడ్ ఒక కుంట నుంచి మరో కుంటకు తడి చెప్పులతో, వలలతో చేరగలదు. మన దేశంలో ఈ శిలీంధ్రాన్ని పశ్చిమ కనుమల్లో గుర్తించినట్టు 2011లో తొలిసారి వెల్లడైంది. సామూహిక మరణాలు మాత్రం ఇక్కడ నమోదు కాలేదు. దాని మూలం తూర్పు ఆసియా అని 2018లో జన్యు అధ్యయనం సూచించింది కాబట్టి, ఆసియా కప్పలు దానితో బతకడం నేర్చాయని కొందరి ఊహ. చనిపోయిన కప్పలను ఎవరూ రాయకపోవడం వల్లే మరణాలు కనబడలేదేమోనన్న ఊహకూ అంతే చోటుంది. పట్టకుండా చూడటం, కుంట మారేటప్పుడు చెప్పులు కడిగి ఆరబెట్టడం రెండు ఊహల్లోనూ సరైన పనే.

## ఊరి రిజిస్టరు

నాలుగు పక్షాల చర్చలో తరచు తప్పిపోయే అయిదో ఆధారం ఊరివాళ్ల పరిజ్ఞానం. వాన ఆలస్యమైన ఏడు కప్పతల్లి ఆట ఆడే పల్లెల్లో ఏ కప్ప ఎప్పుడు బయటికొస్తుందో, ఏ కుంటలో ఇప్పుడు వినబడటం లేదో చెప్పగల రైతులు, గొర్లకాపరులు, చేపలు పట్టేవాళ్లు ఉన్నారు. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య నిర్వహణ కమిటీలు ఏర్పడి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలి. ఆలోచనగా ఇది కప్పల నమోదుకు సరిగ్గా సరిపోతుంది.

ఆచరణ మీద భిన్నాభిప్రాయాలున్నాయి. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2020 జనవరి 31 గడువు విధించాక దేశమంతటా రిజిస్టర్లు వేగంగా పూర్తయ్యాయి. అన్ని గ్రామాలకూ ఒక పత్రం ఉండటమే మేలని ఒక వాదం. తొందరలో రాసిన జాబితాలు ఊరి పరిజ్ఞానాన్ని నిజంగా పట్టుకోలేవని మరో వాదం. 'కప్ప' అని ఒక్క గడిలో రాసిన రిజిస్టరు ఏ ప్రశ్నకూ జవాబివ్వదన్నది మాత్రం నిజం. చట్టం రిజిస్టరును ఒకసారి రాసి మూసేయమనలేదు. ఏటా తొలకరికి ఒకసారి తెరిచి చేర్చుకుంటూ పోతే అదే నిఘా పత్రమవుతుంది.

## తేలినవి, తేలనివి

తేలినవి ఇవి. పేర్లు మారతాయి, కాబట్టి పేరు వెనక ఆధారం భద్రపరచాలి. ఎంత వెతికారో రాయని లెక్కతో మార్పును కొలవలేం. రెండు మూడేళ్ల సంఖ్యలతో క్షీణత ప్రకటించకూడదు. రక్షిత అడవుల్లో అనుమతి లేకుండా పని చేయకూడదు.

తేలనివి ఇంకా ఎక్కువ. తూర్పు కనుమల్లో నిజానికి ఎన్ని జాతులున్నాయి? శ్రీలంక జాతులుగా గుర్తించినవి ఆ దీవిని మన నేలతో కలిపిన పాతకాలపు భూమార్గపు ఆనవాళ్లా, లేక దగ్గరి పోలికలున్న వేరే జాతులా? వరి పొలాల కప్పల మీద పురుగుమందుల ప్రభావం ఎంత? ఫొటో వేదికల్లోని చెదురుమదురు సమాచారం నుంచి నమ్మదగిన ధోరణిని గణితంతో పిండగలమా? కూతలను యంత్రం గుర్తించే పద్ధతులు మన బావురుకప్పల హోరులో ఎంతవరకు నిలబడతాయి?

ఎవరు రాయాలన్న తగువు కంటే ఏమి రాయాలన్న ఒప్పందం ఇప్పుడు ముఖ్యం. జిల్లాకు కొన్ని చెరువులు ఎంచుకుని, తొలి భారీ వాన తరవాత నిర్ణీత రాత్రుల్లో నిర్ణీత నిమిషాలు విని, కూత రికార్డు చేసి, వాన వివరం, వెతికిన సమయం, వినబడనివాటి పేర్లతో సహా రాసి, ఆ ధ్వనిని, ఫొటోలను అందరూ తెరిచి చూడగల చోట దాచాలి. కళాశాల విద్యార్థులు, ఊరి కమిటీలు, హైదరాబాద్ ప్రయోగశాలలు ఈ ఒక్క పద్ధతి మీద కలిసి పదేళ్లు పనిచేస్తే, తెలుగు ప్రాంతపు కప్పలు తగ్గుతున్నాయా లేదా అన్న ప్రశ్నకు ఊహలతో కాక లెక్కలతో బదులివ్వగలం. ఆ పదేళ్లలో జాతుల పేర్లు కొన్ని మారిపోవచ్చు. ఆధారం, వెతికిన తీరు భద్రంగా ఉంటే మారిన పేర్లతోనూ ఆ నమోదు చెల్లుతుంది. మొదలుపెట్టడానికి రాబోయే తొలకరి చాలు.